థర్మోస్టాట్ మార్చినా కారు వేడెక్కుతోందా?

కుక్కరు మూత పక్కనుంచి ఆవిరి పోతోందనుకోండి. మీరేం చేస్తారు? స్టవ్ కట్టేసి, ఆవిరంతా పోయాక మూత తీసి, గాస్కెట్ గట్టిపడిందా, సాగిందా అని వేలితో నొక్కి చూస్తారు. విజిల్ రంధ్రంలో మెతుకేమైనా అడ్డుపడిందేమో ఊది చూస్తారు. అంతేగాని కొత్త స్టవ్ కొనుక్కురమ్మని మీవారిని బజారుకి పంపరు కదా!

అదే కారు విషయానికొచ్చేసరికి మనకెందుకో చేతులు కాళ్లు ఆడవు. 'మెకానిక్ చెప్పాడు, మార్చేశాం' అంటాం. అది మార్చినా బాగుపడకపోతే ఇంకోటి మారుస్తాం. ఈమధ్య మనలో చాలామంది కారు నడుపుతున్నారు. పిల్లల్ని కాలేజీకి, పెద్దవాళ్లని ఆస్పత్రికి మనమే తీసుకెళ్తున్నాం. అందుకే 2024 ఎండాకాలంలో మా ఇంట్లో జరిగిన సంగతి మీతో చెప్పాలనిపించింది. ఇందులో మీకు తెలియని విద్య ఏమీ లేదు. సగం వంటింట్లోదే.

మాది తెనాలి. మావారి ఉద్యోగం వేరే ఊళ్లో, వారానికోసారి వస్తారు. మావయ్యగారికి రెండు కిడ్నీలూ పనిచేయక, వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్. సోమవారం, గురువారం పొద్దున్నే ఆరింటికల్లా నేను ఆయన్ని కారులో కూర్చోబెట్టుకుని బయల్దేరతాను. పాతిక కిలోమీటర్ల పైచిలుకు దారి. అక్కడ నాలుగు గంటలు పడుతుంది. ఈ జబ్బు ఉన్న ఇంట్లోవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒక్క రోజు తప్పిందంటే ఒంట్లో నీరు చేరుతుంది, పొటాషియం పెరుగుతుంది, ఆయాసం మొదలవుతుంది. అయిపోయి వచ్చేటప్పుడు మనిషి వడిలిన తోటకూర కాడలా ఉంటారు. ఆ సమయంలో బస్సెక్కించలేం.

కారు పాతదే. సెకండ్ హ్యాండులో కొన్నాం. మే నెల మొదటి వారంలో డ్యాష్ బోర్డు మీద వేడి చూపించే ముల్లు ఎప్పుడూ ఉండే చోటు దాటి పైకి పోవడం మొదలైంది. దగ్గర్లో ఉన్న మెకానిక్ అబ్బాయికి చూపిస్తే, "థర్మోస్టాట్ పోయింది మేడమ్, మార్చేద్దాం" అన్నాడు. మార్చాడు. పనికూలితో కలిపి పదిహేను వందలు.

థర్మోస్టాట్ అంటే ఏమిటో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. ఇంజను చుట్టూ నీళ్లు తిరుగుతూ దాని వేడిని తీసుకుంటాయి. ఆ నీళ్లు ముందున్న రేడియేటరులోకి వెళ్లి, గాలికి చల్లారి మళ్లీ ఇంజనులోకి వస్తాయి. ఈ దారికి ఒక చిన్న తలుపు ఉంటుంది. అదే థర్మోస్టాట్. లోపల ఒక చిన్న డబ్బీలో మైనం లాంటి పదార్థం ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు తలుపు మూసి ఉంటుంది, ఇంజను త్వరగా వేడెక్కాలని. చాలా కార్లలో సుమారు 82 నుంచి 88 డిగ్రీల మధ్య మైనం కరిగి, ఉబ్బి, తలుపుని తోస్తుంది. చల్లారితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. కరెంటు లేదు, వైరు లేదు. అది మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోతే ఇంజను వేడెక్కిపోతుంది. కాబట్టి మెకానిక్ అనుమానంలో తప్పు లేదు.

కానీ మార్చిన తరవాత కారు ఇంకా మొండికేసింది. ముల్లు ఉన్నట్టుండి పైకి లేస్తుంది, మళ్లీ దానంతటదే దబ్బున కిందకి పడుతుంది. డ్యాష్ బోర్డు వెనకాల ఎవరో బిందెలో నీళ్లు వంపుతున్నట్టు గుడగుడమని చప్పుడు. ఆ గురువారం తిరిగి వస్తుంటే రైలు గేటు దగ్గర ముల్లు ఎర్రగీత తాకింది. మిట్టమధ్యాహ్నం. వెనక సీట్లో మావయ్యగారు కళ్లు మూసుకుని పడుకుని ఉన్నారు. కారు పక్కకి తీసి ఇంజను ఆపి, వేపచెట్టు నీడలో ఆయన్ని కూర్చోబెట్టి, కొంగుతో విసురుతూ ఆటో కోసం అరగంట చూశాను. ఆయన ఒక్క మాటే అన్నారు, "నావల్ల నీకెంత శ్రమమ్మా" అని. ఆ మాటే నన్ను నిలవనివ్వలేదు.

మెకానిక్ ఈసారి బానెట్ ఎత్తి చూసి పెదవి విరిచాడు. పక్కనుండే ప్లాస్టిక్ బాటిల్ అంచుదాకా నిండి ఉంది. "హెడ్ గాస్కెట్ పోయింది మేడమ్. లోపలి గాలి నీళ్లని ఇందులోకి తోసేస్తోంది. ఇంజను విప్పాలి. ఇరవై రెండు వేలవుతుంది, నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు. ఇంకో ఆయనెవరో, "అంత ఎందుకమ్మా, థర్మోస్టాట్ పీకి పారేసి నడపండి, మన ఎండలకి అది దండగ" అని సలహా ఇచ్చాడు.

ఇరవై రెండు వేలంటే మా అమ్మాయి కాలేజీ ఫీజుకి విడిగా పెట్టిన డబ్బు. ఆ నాలుగు రోజుల్లో ఒక డయాలసిస్ కచ్చితంగా వస్తుంది. పోనీ, అంతా పోసి ఇంజను విప్పించాక కూడా ముల్లు అలాగే లేస్తే?

మా వెనక వీధిలో ఒక బాబాయిగారున్నారు. బస్సు డిపో గరాజులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. వెళ్లి అడిగాను. ఆయన కారు దగ్గరకి కూడా రాలేదు. "ఏం మార్చారో నాకొద్దు అమ్మాయ్. అది ఎప్పుడు వేడెక్కుతోందో చెప్పు" అన్నారు. డాక్టరుగారు జ్వరం పొద్దున వస్తోందా, సాయంత్రం వస్తోందా అని అడిగినట్టు ఆయన వరసగా ప్రశ్నలు వేశారు.

ట్రాఫిక్కులో ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, రోడ్డు మీద పరుగెత్తితే చల్లబడుతోందా? అయితే ఫ్యాను చూసుకోవాలి. కదిలే కారుకి గాలి దానంతటదే తగులుతుంది, ఆగిన కారుకి ఫ్యానే దిక్కు. ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద వేగంగా వెళ్తే వేడెక్కుతోందా? అయితే రేడియేటరు పూడుకుపోయిందేమో, నీళ్లు సరిగా తిరగడం లేదేమో చూడాలి. ఎప్పుడూ ఒకేలా కాకుండా ముల్లు ఎగిరి పడుతోందా? అయితే లోపల గాలి చిక్కుకుంది. పొద్దున్న కారు కింద నేల మీద తడి మరకలుంటే ఎక్కడో కారుతోంది. ఇంజను ఆయిల్ పాలు ఎక్కువైన కాఫీ రంగుకి మారినా, వేడెక్కాక కూడా సైలెన్సరులోంచి ఆగకుండా తెల్లపొగ వస్తున్నా, అప్పుడు హెడ్ గాస్కెట్ గురించి భయపడాలి.

"ఇవన్నీ చూడకుండా ఇంజను విప్పితే, కడుపునొప్పి అన్నవాడికల్లా ఆపరేషను చేసినట్టే" అన్నారాయన.

పాల లెక్క రాసే పుస్తకంలో వెనక పేజీ తీసి, ఆయన చెప్పిన ప్రశ్నలన్నీ రాసుకున్నాను. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాను.

మొదటిది పాత థర్మోస్టాట్ పరీక్ష. మెకానిక్ దగ్గర అడిగి తెచ్చుకున్న పాత ముక్కని, వంటకి వాడని ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి అడుగుకి తగలకుండా వేలాడదీశాను. స్టవ్ వెలిగించాను. అడుగున ముత్యాల్లాంటి బుడగలు కట్టే వేళకి తలుపు మెల్లిగా కదిలింది. నీళ్లు కళపెళ మరగక ముందే చక్కగా తెరుచుకుంది. స్టవ్ ఆపి చల్లారనిస్తే మళ్లీ మూసుకుంది. మా అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది. అంటే పారేసిన థర్మోస్టాట్‌కి ఏ రోగమూ లేదన్నమాట! ఇంజను వేడెక్కడానికి కారణం మొదటినుంచీ ఇంకెక్కడో ఉంది. (ఈ పరీక్ష మీరూ చేయొచ్చు. కాకపోతే ఆ గిన్నె మళ్లీ వంటకి వాడకండి. కూలెంట్ విషం.)

రెండోది, పొద్దున్నే ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీసి చూడటం. పక్క బాటిల్ నిండుగా ఉందా, రేడియేటరులో మాత్రం నీళ్లు కనిపించలేదు! అసలైన చోట వెలితి, పక్క బాటిల్లో నిండు. బానెట్ ఎత్తినవాళ్లంతా బాటిల్ చూసి నీళ్లు బాగానే ఉన్నాయనుకున్నారు.

మూడోది హీటరు. మన ఎండల్లో కారు హీటరు ఎవరు వేస్తారు చెప్పండి! కానీ అది మంచి సాక్షి. ఇంజనులో తిరిగే వేడినీళ్లే డ్యాష్ బోర్డు వెనకాల ఉండే ఒక చిన్న రేడియేటరులోకి వస్తాయి. హీటరు గాలి వేడెక్కేది వాటివల్లే. ఇంజను కాలిపోతుంటే హీటరులోంచి చల్లగాలి వస్తోందంటే, నీళ్లు అక్కడిదాకా రావడం లేదన్నమాట. మా కారులో అదే జరిగింది. ముల్లు సగం దాటింది, హీటరు గాలి మాత్రం గది వాతావరణంలా ఉంది.

నీళ్ల ట్యాంకు కడిగించిన మర్నాడు కుళాయి తిప్పితే ఏమవుతుంది? బుస్సుబుస్సుమని గాలి, ఆగి ఆగి నీళ్లు. ఒక్కోసారి పైపులో గాలి అడ్డుపడి అసలు రావు. కారులోనూ అంతే. థర్మోస్టాట్ మార్చాలంటే నీళ్లు వంపాలి. మళ్లీ పోసేటప్పుడు లోపల చిక్కిన గాలిని బయటికి పంపాలి. చాలా థర్మోస్టాట్లకి గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రమో, ఆడే పిన్నో ఉంటుంది. అది పైకి ఉండేలా బిగించాలి. స్ప్రింగు ఉన్న వైపు ఇంజను వైపుకి ఉండాలి. తిరగేసి పెడితే కొత్తది కూడా వేళకి తెరుచుకోదు. మా కారులో బిగింపు సరిగానే ఉంది, గాలే పోలేదు.

గాలి తీయడం బాబాయిగారే దగ్గరుండి చేయించారు. చల్లని ఇంజను. కారు ముందు చక్రాలు వీధి మొదట్లో ఉన్న ఎత్తు మీదకి ఎక్కించాం. రేడియేటరు మూత తీసి, హీటరు పూర్తి వేడికి తిప్పి, ఇంజను మామూలు వేగంలో ఆన్ చేసి ఉంచాం. మెల్లిమెల్లిగా బుడగలు రావడం మొదలైంది. బుడగ వచ్చినప్పుడల్లా మట్టం దిగుతుంది, కాస్త కూలెంట్ పోస్తాం. ఇరవై నిమిషాలకి హీటరులోంచి వేడిగాలి తన్నుకొచ్చింది. ఫ్యాను దానంతటది తిరిగి ఆగాక, మట్టం నిలబడ్డాక మూత పెట్టేశాం. ముల్లు బుద్ధిగా సగం దగ్గర కూర్చుంది.

అంతటితో కథ అయిపోయిందనుకున్నారా? బాబాయిగారు మాత్రం, "గాలి తరవాత వచ్చిన రోగం. మొదటి రోగం సంగతేంటి?" అన్నారు. రెండు రోజుల తరవాత పొద్దున్న చూస్తే రేడియేటరులో మళ్లీ అంగుళం వెలితి, బాటిల్లో మళ్లీ నిండు. కింద నేల పొడిగా ఉంది. ఆయిల్ రంగు మారలేదు. తెల్లపొగ లేదు. చల్లని ఇంజను స్టార్ట్ చేసినప్పుడు రేడియేటరులో బుడగల ధార లేదు.

ఇక్కడే మన కుక్కరు పనికొచ్చింది. కుక్కరులో నీళ్లు 100 డిగ్రీలకి మరగవు, ఒత్తిడి వల్ల సుమారు 120 డిగ్రీల దాకా వెళ్తాయి. రేడియేటరు మూత కూడా వెయిట్ పెట్టిన కుక్కరు మూత లాంటిదే. మా కారు మూత మీద 0.9 అని అచ్చు వేసి ఉంది. అది అది పట్టి ఉంచాల్సిన ఒత్తిడి. అంత ఒత్తిడిలో ఉత్త నీళ్లయినా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. ఒత్తిడి అంతకన్నా పెరిగితే మూతలోని వాల్వు తెరుచుకుని కొంచెం నీళ్లని పక్క బాటిల్లోకి వదులుతుంది. ఇంజను చల్లారాక రెండో చిన్న వాల్వు ఆ నీళ్లనే వెనక్కి పీల్చుకోనిస్తుంది. మూత రబ్బరు గట్టిపడితే? వేళకి ముందే నీళ్లు బాటిల్లోకి పోతాయి, తిరిగి రావు. రేడియేటరులో వెలితి, బాటిల్లో నిండు!

అయినా అనుమానం తీర్చుకోవాలి కదా. తరవాతి సోమవారం మావయ్యగారు డయాలసిస్ మంచం మీద ఉన్న ఆ నాలుగు గంటల్లో గుంటూరులోనే ఒక గరాజుకి వెళ్లి, "ఏమీ విప్పకండి, ప్రెషర్ టెస్ట్ ఒక్కటి చేయండి" అన్నాను. సైకిల్ పంపు లాంటి దాన్ని రేడియేటరు నోటికి బిగించి గాలి కొట్టారు. దాని మీదున్న ముల్లు పది నిమిషాలు కదలకుండా నిలబడింది. అంటే పైపులు, రేడియేటరు, పంపు ఎక్కడా కారడం లేదు. అదే పంపుకి మూతని బిగించి కొడితే 0.9 దాకా పోకుండానే, సగంలోనే తుస్సుమంది. హెడ్ గాస్కెట్ అనుమానం మిగలకూడదని, రేడియేటరులోంచి వచ్చే గాలిని ఒక నీలం ద్రవంలోంచి పంపి కూడా చూశారు. ఇంజను పొగ నీళ్లలో కలుస్తుంటే అది పసుపురంగుకి మారుతుందట. మారలేదు.

కొత్త మూత మూడొందల చిల్లర. అదే ఒత్తిడి అంకె ఉన్నది చూసి తీసుకున్నాం. ఎక్కువ అంకెది వేస్తే పాత పైపులు తట్టుకోవు. టెస్టుల కూలితో కలిపి పన్నెండు వందలు. ఆ తరవాత రేడియేటరు మట్టం దిగలేదు. రోహిణికార్తె ఎండల్లో కూడా రైలు గేటు దగ్గర ముల్లు సగం దాటలేదు.

మా మెకానిక్ అబ్బాయికి పాత మూత తీసుకెళ్లి చూపించాను. కోపగించుకోలేదు. "హీటరు వేసి చూడాలని తట్టలేదు మేడమ్, మన దగ్గర ఎవరూ వేయరు కదా" అన్నాడు. మంచి పనివాడే. ఇప్పటికీ సర్వీసింగ్ అతని దగ్గరే.

థర్మోస్టాట్ పీకేయమన్న ఆయన సలహా గురించి కూడా చెప్పాలి. అది తీసేస్తే ఇంజను సరైన వేడికి రాదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు ఇంకో అడ్డదారిని మూస్తుంది. అది లేకపోతే నీళ్లు రేడియేటరుకి వెళ్లకుండా ఆ అడ్డదారిన తిరిగి, ఉన్న వేడి ఇంకా పెరుగుతుంది. కాబట్టి దాన్ని ఉండనివ్వండి.

ఇక మీకు పనికొచ్చే నాలుగు ముక్కలు. దారిలో ముల్లు పైకి లేస్తుంటే ఏసీ ఆపి, కిటికీలు దింపి, హీటరు పూర్తిగా వేయండి. చెమటలు పడతాయి గానీ ఇంజను వేడి కొంత బయటికొస్తుంది. ఎర్రగీత తాకితే మాత్రం ఆలోచించకుండా పక్కకి తీసి ఇంజను ఆపేయండి. ఎర్రగీత తాకిన ముల్లు ఒక్కసారిగా కిందకి పడితే తగ్గిందని మురిసిపోకండి, నీళ్లు అయిపోయినా అది అలాగే పడుతుంది. వేడి మీద రేడియేటరు మూత ముట్టుకోవద్దు. ఒత్తిడి ఉన్న కుక్కరు మూత తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు, ఇక్కడ మొహం మీదకే వస్తుంది. పై రబ్బరు పైపు చేతికి చల్లగా తగిలేదాకా ఆగండి. కాలుతున్న ఇంజనులో చన్నీళ్లు గుమ్మరించకండి, లోహం పగిలే ప్రమాదముంది. బానెట్ ఎత్తినప్పుడు కొంగు నడుముకి బిగించి, జడ ముడేసుకోండి. ఇంజను ఆపినా ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది.

బోరునీళ్లు పోయకండి. గీజరు కాయిల్ మీద పేరుకునే తెల్లటి సున్నం రేడియేటరు సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటరు డబ్బా మీద చెప్పిన పాళ్లలో కలపండి. కలిపే అమ్మేవీ ఉన్నాయి. కూలెంట్ తియ్యగా ఉంటుంది, పిల్లలకీ కుక్కలకీ ప్రాణాంతకం. మంచినీళ్ల సీసాల్లో మాత్రం పొరపాటున కూడా దాచకండి. నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి.

మావయ్యగారు ఇప్పుడు ముందు సీట్లో కూర్చుంటున్నారు. వెనక పడుకోమంటే వినరు. గేటు పడినప్పుడల్లా ముల్లు వైపు చూసి, "సగంలోనే ఉందమ్మా" అని చెప్పడం ఆయన పని. పాల లెక్క పుస్తకం వెనక పేజీలో నెలకోసారి రేడియేటరు మట్టం రాయడం మా అమ్మాయి పని. మీ ఇంట్లో కూడా ఆ పేజీ ఒకటి పెట్టుకోండి. రేపు ఎవరైనా మీ ఇంజను విప్పాలంటే, ముందు ఆ పేజీ చూపించి, "ఇది ఎప్పుడు వేడెక్కుతోందో చూసి, తరవాత చెప్పండి" అని అడగండి.